ఐసుపెట్టెలో అమ్మ రక్తం

"ఎవరండీ ఈ రక్తం ట్యూబుని ఐసులో పెట్టింది?"

ల్యాబు కిటికీ అవతల ఉరిమిన గొంతుకి ఫ్రిజ్ మెకానిక్ ఉలిక్కిపడ్డాడు. తెల్లకోటు, మాస్కు వేసుకున్న ల్యాబు అమ్మాయి. కనిపిస్తున్నవి రెండు కళ్ళే. నిప్పులు కురవడానికి అవి చాలు.

"నేనేనండీ. చల్లగా ఉంటే ఏదీ పాడవదు కదా!"

"ఇవి కూరగాయలు కావు, ప్రాణమున్న కణాలు! ఐసు వద్దని చెప్పలేదా?"

చెప్పారు. కంగారులో మర్చిపోయాడు. అమ్మ విషయంలో అతనికెప్పుడూ కంగారే. కీళ్ళ జబ్బుకి ఆమె వాడే మందువల్ల ఒంట్లో యాంటీబాడీలు సరిగా తయారుకావు. అయినా కరోనా వచ్చి, చిన్న జ్వరంతో వదిలేసింది. ఎలా వదిలిందో తెలియదు, అది తేల్చే పరీక్షకే ఈ రక్తం. మళ్ళీ వస్తే వదులుతుందో లేదో తెలియదు. ఆ భయంతోనే అమ్మ టైలరింగ్ షాపుకి తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు.

"మళ్ళీ తియ్యాలంటే అమ్మకి నరం దొరకడమే కష్టమండీ," అన్నాడు నీరసంగా.

ఆ కళ్ళు మెత్తబడ్డాయి. "పదండి, నేనే వస్తాను."

వానలో అతని బైకు వెనక కూర్చుని ఇంటికి వచ్చి, ఒక్క పోటుతో రక్తం తీసింది.

"నొప్పెట్టిందా ఆంటీ?"

"పొడిచేశావా అప్పుడే!" అంది అమ్మ.

అతను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు.

రెండు రోజుల తర్వాత ల్యాబు అమ్మాయే వచ్చి ఫోనులో ఫొటో చూపించింది. పరీక్ష చేసే పలకలో తెల్లటి గుంట, దాని నిండా నీలం చుక్కలు.

"మీ టి కణాలకు వైరస్ ముక్కలు చూపించాను ఆంటీ. గుర్తుపట్టిన ప్రతి కణం ఒక చుక్క పెట్టింది. వైరస్ దూరిన కణాలను వెతికి చంపేది ఇవే. జబ్బు ముదరనివ్వనిది కూడా ఇవే కావచ్చు."

"కావచ్చా?" అన్నాడతను.

"గ్యారంటీ కార్డివ్వడానికి నేను ఫ్రిజ్ అమ్మడం లేదండీ. మళ్ళీ రాదనీ చెప్పను. కానీ ఆంటీ దగ్గర సైన్యముంది. మాస్కు పెట్టుకుని షాపు తెరవచ్చని డాక్టరుగారు కూడా అన్నారు."

అమ్మ చెయ్యి చాచింది. "తియ్యరా తాళంచెవి!"

ఇచ్చాడు. గుండె తేలికపడింది, ఇక ఈ అమ్మాయి రాదని మరో రకంగా బరువెక్కింది.

వరండాలోకి వచ్చాక ఆ అమ్మాయి మాస్కు తీసి గాలి పీల్చుకుంది. ఆ ముఖం అతను చూడటం అదే మొదటిసారి. అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"ఇక పనేం లేకపోయినా ల్యాబుకి వస్తే తిడతారా?"

"ఎందుకు రావడం?"

"మీరు పనిచేస్తుంటే చూడాలని. మీరంటే నాకిష్టమండీ."

ఆమె తలుపులోంచి లోపలికి తొంగిచూసింది.

"రేపు షాపు తెరిచేటప్పుడు నేనూ వస్తాను అత్తయ్యా!"

"ముందు వాణ్ణి పట్టుకో కోడలు పిల్లా," అంది అమ్మ. "పడిపోయేలా ఉన్నాడు!"