పదహారు కోర్లు, మూడు జవాబులు

పిచ్చుక చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించింది. ఈ ఇంట్లో ఆమె పనిమనిషి. హెడ్‌క్వార్టర్స్‌లో సీనియర్ ఏజెంట్; పిచ్చుక అన్నది అక్కడి మారుపేరు. పెట్టె పిడిలో ఫోన్ కాల్స్ పట్టే రిసీవర్ ఉంది.

కిటికీలకు ఇనుప రేకులు బిగించారు. తలుపు తాళంచెవి మేడమ్ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంటుంది. ఈ విదేశీ ముఠాకు ఆమె కంప్యూటర్ ఎక్స్‌పర్ట్. ముందుగా ఆమె సెంటు వాసన గదిలోకి వస్తుంది, తర్వాత ఆమె వస్తుంది.

గది మధ్యలో, ఎత్తుకొచ్చిన ప్రోగ్రామర్. ఆనకట్ట ఎక్కడ తెగితే వరద ఎటు పోతుందో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ అతనిది. ఊళ్ళను కాపాడడానికి రాసుకున్నాడు. ముఠాకు కావలసింది ముంచే చోటు. కంప్యూటర్ మెదడులోని ఒక్క కోర్ మీద రోజులు పట్టే లెక్కను పదహారు కోర్లకు పంచమన్నారు. బాంబుతో ఒక జట్టు ఆనకట్ట దగ్గర దాక్కుని ఉంది. వాళ్ళెక్కడున్నారో ఈ రిసీవర్ కనిపెట్టాలంటే ముఠా బాస్ వాళ్ళకు కనీసం మూడుసార్లు ఫోన్ చేయాలి. పొద్దున నీళ్ళ గ్లాసు అందిస్తూ పిచ్చుక ప్రోగ్రామర్ చెవిలో ఆ మాటే వేసింది.

"రన్ చెయ్యి," అన్నాడు బాస్.

"ఉండండి. కోడ్ నేను చూడాలి," అంటూ మేడమ్ స్క్రీన్ మీదికి వంగింది.

పిచ్చుక చెయ్యి ఆగిపోయింది. పదహారు కోర్లూ తమ లెక్కల్ని ఒకే మొత్తంలో కలుపుతాయి. ఒకటి రాస్తున్నప్పుడు మిగతావాటిని ఆపేది లాక్ అనే ఒక్క లైను. ప్రోగ్రామర్ దాన్ని తీసేశాడు. ఇప్పుడు ఒకటి రాసింది ఇంకోటి చెరిపేస్తుంది. మేడమ్ వేలు సరిగ్గా అక్కడే నిలబడింది.

"ఏయ్, చొక్కా కాలుతోంది!" బాస్ కసిరాడు.

"అయ్యో, చూసుకోలేదయ్యా."

మేడమ్ వేలు తీసింది. "బాగానే ఉంది."

కాసేపట్లో జవాబు వచ్చింది: ఎడమ చివర. బాస్ ఫోన్ చేసి చెప్పాడు. ఖాయం చేసుకుందామని మళ్ళీ నడిపించాడు. కుడి చివర! మళ్ళీ ఫోన్. మూడోసారి నట్టనడుమ.

"ఒక్క ప్రశ్నకు మూడు జవాబులేంట్రా? నాతో ఆటలా?" తుపాకీ ప్రోగ్రామర్ కణతకు ఆనింది.

"పదహారు మందికి ఒకే గరిటె ఇస్తే ఇంతే సార్."

బాస్ పళ్ళు కొరికి మూడో కాల్ చేశాడు. "ఎక్కడ తెగినా మునిగేది వీళ్ళ ఊళ్ళేగా. ఉన్నచోటే పేల్చెయ్యండి!"

పిడిలో ఆకుపచ్చ దీపం వెలిగింది. జట్టు ఉన్న చోటు దొరికి, ఆనకట్ట చుట్టూ కాపు కాసిన కమాండోలకు అందింది.

"మీట నొక్కుతున్నాం సా..." అవతల బూట్ల చప్పుడు, పెనుగులాట. "చేతులెత్తు!"

బాస్ వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకునేలోపు కాలే ఇస్త్రీపెట్టె అతని మణికట్టు మీద పడింది. తుపాకీ జారి మేడమ్ కాళ్ళ దగ్గర ఆగింది.

పిచ్చుక మేడమ్ వైపు చూసింది. హెడ్‌క్వార్టర్స్ ఒకటికి రెండుసార్లు చెప్పింది, ఆ ఇంట్లో మనవాళ్ళు ఇంకెవరూ లేరని.

మేడమ్ చెప్పు మొనతో తుపాకీని పిచ్చుక వైపు నెట్టింది. బ్యాగ్‌లోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచింది. తాళంచెవిని తాళానికే వదిలేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఎప్పుడూ ఆమె కన్నా ముందు నడిచే సెంటు వాసన, ఈసారి వెనకే మిగిలిపోయింది.