మొనరెక్కలు తెరుచుకోలేదు

రక్తశుద్ధి గదిలో నర్సు హేమసుందరి, మూత్రపిండాలు చెడిన తవిటయ్య మెడ కింది గొట్టానికి సంకేతతీగ తగిలించి, గొట్టం చివరనున్న మొనరెక్కలు విప్పుకోవడం కోసం ఆగింది. లోపల, గుండెకు ఆనుకున్న పెద్ద సిరలో, ఆ సన్నని రెక్కలు సిర గోడను దూరంగా నెట్టి రక్తానికి దారి ఇవ్వాలి. పంపు తిరిగింది. తెర మీద ప్రవాహం నిమిషానికి మూడువందల మిల్లీలీటర్ల దాకా ఎక్కి, సగానికి జారిపోయింది.

"దగ్గు బాబాయ్. గట్టిగా."

తవిటయ్య దగ్గాడు. ఎడమకు ఒత్తిగిల్లాడు. లాభం లేకపోయింది. పాతబడిన రెక్కలు గోడకే అతుక్కుపోతున్నాయి. కొత్త గొట్టాలు తెచ్చే ఓడ తుపాను దాటి రాలేదు.

తీరం పొడవునా రోగులకు శుద్ధికుర్చీలను పంచే ప్రవాహిని యంత్రం గోడలోంచి పలికింది. "ఏడో కుర్చీ నిష్ప్రవాహం. తరువాత, పున్నమ్మ."

నిష్ప్రవాహం అనిపించుకున్నవాళ్లకు మళ్లీ పిలుపు రాదు.

"ఒగ్గేయ్ తల్లీ. నా వొంతు అయిపోనాది," అన్నాడు తవిటయ్య. ఉబ్బిన కాళ్లు నిగనిగలాడుతున్నాయి. మాట మాటకీ ఆయాసం.

ప్రవాహిని ఆజ్ఞలు మోసే సంకేతతీగను హేమసుందరి పీకేసింది. పంపు ఆగిపోయింది. బిగింపులు వేసి, గోడకు అతుక్కోని రెండో నోటి గుండా రక్తం లాగేలా, రక్తం తీసే గొట్టాన్నీ తిరిగి పంపే గొట్టాన్నీ తారుమారు చేసింది. సిరంజితో ఉప్పునీళ్లు నెట్టి, పంపు చక్రాన్ని చేత్తో తిప్పసాగింది. ఇలాగైతే శుద్ధయిన రక్తమే కొంత మళ్లీ యంత్రంలోకి వస్తుంది, రెట్టింపు సేపు పడుతుంది. అయినా గొట్టంలో ఎరుపు మెల్లగా పాకింది.

అప్పుడు తలెత్తి చూస్తే ఎదురుగా పున్నమ్మ. పడుకుంటే ఊపిరాడక కొన్నాళ్లుగా కూర్చునే నిద్రపోతున్న మనిషి.

"అక్కా, న్యాయంగా ఇది నీ కుర్చీ. ఈయన్ని దింపకపోతే నీకు పొద్దుపోయే దాకా దొరకదు. ఏటి చెయ్యమంటావు?"

పున్నమ్మ కుర్చీ చేతిని ఒకసారి తడిమింది.

"నాకు కూకోవాలనే ఉన్నాది," అంది. "గానీ ఆ పెద్దోడి రగతం ఇప్పుడే గదా కదిలింది. తిరగనీ."

గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూలబడింది.

"నిరాకరణకు వీలు లేదు," అంది ప్రవాహిని. బల్ల మీద వంతు కోసం కూర్చున్న జోగినాయుడిని పిలిచింది. అతను సగం లేచాడు. పున్నమ్మను చూసి మళ్లీ బల్ల మీద కూర్చున్నాడు. గోడ మీద ఇంకో పేరు వెలిగింది. ఆ పేరు గల ఆమె తల దించుకుంది.

పేర్లు గోడ మీద వెలుగుతూ ఆరుతూ పోయాయి. ఎవరూ లేవలేదు. నొప్పెడుతున్న భుజంతో హేమసుందరి చక్రం తిప్పుతూనే ఉంది.