అమ్మ పేరున ఇచ్చిన జవాబు

1961 నవంబరు 26, ఆదివారం. సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకి ఒటీలియమ్మ కన్నుమూసింది. పోయినవాళ్లని తలుచుకుని, సమాధుల మీద దేవదారు కొమ్మలు పరిచి, దీపాలు పెట్టుకునే ఆదివారం అది. శీతాకాలం బెర్లిన్‌లో ఆ వేళకే పొద్దు గుంకుతుంది. ఆమె నిద్రలో జారుకున్నట్టే జారుకుంది. ఆ చావుకి వంక పెట్టడానికేమీ లేదు.

కోడలు ఇర్మా ముందు అత్తగారి రెప్పలు మూసింది. గడియారం లోలకం ఆపింది. అద్దం మీద నల్లగుడ్డ కప్పింది. ఇక మిగిలింది కిటికీ. ప్రాణం పోయిన గదిలో కిటికీ తెరవాలి. ఆత్మ దేవుడి దగ్గరికి బయల్దేరాలి కదా. కాసేపాగి మళ్లీ మూసెయ్యాలి, ఏదీ లోపలికి రాకుండా. ఆ ఇంట్లో తరతరాలుగా అలాగే చేశారు. ఇర్మా చెయ్యి అలవాటుగా గడియ తిప్పింది. రెక్కలు రెండూ తెరుచుకున్నాయి.

ఎదురుగా ఇటుకలు.

ఆ సంగతి ఆమెకి తెలియక కాదు. ఊరిని రెండుగా చీల్చారు. ఆ ఇంటి ముందు గోడే ఇప్పుడు సరిహద్దు. ఇల్లు రష్యావాళ్ల వైపు, గుమ్మం ముందున్న కాలిబాట ఫ్రాన్సువాళ్ల వైపు. ఆగస్టులో జనం కిటికీల్లోంచి కాలిబాట మీదికి దూకి పారిపోయారు. అందుకని కింద కిటికీలకీ, అక్టోబరులో పై అంతస్తుల కిటికీలకీ ఇటుకలు పేర్చేశారు. అద్దెకున్నవాళ్లందరినీ లారీల్లో ఎక్కించి వేరే పేటలకి తోలారు. ఒటీలియమ్మ మంచం దిగే స్థితిలో లేదని ఈ ఒక్క కుటుంబానికి గడువిచ్చారు. ఆ గడువు రేపు పొద్దుటితో సరి.

శవానికి స్నానం చేయించడానికి జాండరమ్మ వచ్చింది. పెరటి వైపు వాటాలో ఉండే ముసలామె. ఆమె నోటికి జడిసి సరిహద్దు కాపలావాళ్లు కూడా పక్కకి తప్పుకుంటారు.

"ఏమ్మాయ్, కిటికీ తీశావా?" అంటూనే లోపలికొచ్చి, ఇటుకలు చూసి ఆగిపోయింది. "ఓరి వీళ్ల గోడ తగలెయ్య! బతికున్నవాళ్లకి పోలీసు చీటీ కావాలన్నారు సరే. చచ్చినవాళ్లక్కూడానా?"

"వంటింటి కిటికీ తీస్తే సరిపోదా, జాండరమ్మగారూ?" అంది ఇర్మా.

"ఏ గదిలో పోతే ఆ గది కిటికీయే తియ్యాలి. మీ అత్తగారు బతికినన్నాళ్లూ పెరటి దారిన ఎప్పుడైనా వెళ్లిందా? వీధి గుమ్మంలోంచి మహారాణిలా వెళ్లేది."

ఒటీలియమ్మ కొడుకు ఎగోన్ గోడకి చేరగిలబడి నిలబడ్డాడు. "ఒక్క ఇటుక తీసినా పారిపోవడానికే అంటారు. నన్ను జైల్లో వేస్తారు. రోజీని అనాథాశ్రమంలో పెడతారు," అన్నాడు. రోజీ వాళ్ల ఆరేళ్ల కూతురు. వంటింట్లో బల్ల కింద కూర్చుని బొమ్మకి జోల పాడుతోంది.

"ఆంబోతుల కుమ్ములాటలో లేగదూడలు నలిగినట్టుంది మన బతుకు," అని జాండరమ్మ గొణుక్కుని, వేణ్నీళ్లలో గుడ్డ ముంచింది.

వాళ్లకి అసలు దిగులు వేరే ఉంది. ఒటీలియమ్మ కూతురు ట్రౌడెల్ వీధికి అవతలి పక్క ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. వీధి దాటితే పుట్టిల్లు. కానీ దాటనివ్వరు. ఫోన్లు లేవు. రోజూ సాయంత్రం ఆ పక్క చర్చిలో ఆరు కొట్టగానే ఆమె కాలిబాట మీదికొచ్చి, తలెత్తి, "అమ్మా!" అని ఒక్క కేక వేస్తుంది. ఇర్మా కిటికీ తీసిపెడితే, ఒటీలియమ్మ మంచం మీంచే చేతికర్రతో ఇటుకల మీద కొడుతుంది. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకోటి. ఉన్నానమ్మా అని. "సుఖంగా పడుకో అమ్మా," అనేసి ట్రౌడెల్ వెళ్లిపోతుంది. కర్ర చప్పుడుకి కాపలావాళ్లు ఊరుకుంటారు. ఈ పక్కనుంచి నోరెత్తితే మాత్రం ఊరుకోరు.

ఆరు కొట్టింది.

"అమ్మా!"

ఎగోన్ ఇర్మా వైపు చూశాడు.

"అమ్మా... పడుకున్నావా? అమ్మా!"

రెండో కేకలో భయం వినిపించింది. ఎగోన్ మంచం పక్కనున్న కర్ర తీశాడు. ఇర్మా అతని చెయ్యి పట్టుకుంది.

"వద్దు ఎగోన్. అబద్ధం చెప్పకు."

"ఈ ఒక్క రాత్రి నిద్రపోనీ దాన్ని. ఎలాగూ రానివ్వరు. శవం మీద పిడికెడు మన్నైనా వెయ్యనివ్వరు. రేపు ఉత్తరం రాస్తాను," అంటూ ఏడుస్తూనే కొట్టాడు. రెండు దెబ్బలు. ఆగి, ఇంకోటి.

"హమ్మయ్య! భయపెట్టేశావు కదే ముసలీ! సుఖంగా పడుకో!" ట్రౌడెల్ నవ్వు సన్నగా వినిపించింది. అడుగులు దూరమయ్యాయి.

జాండరమ్మ చేతిలో గుడ్డ నీళ్లలో పడిపోయింది. ఆమె గొంతులో ఈసారి వెటకారం లేదు.

"పోయినవాళ్ల పేరున జవాబు చెప్పకూడదు, నాయనా. ఆత్మ పోయే దారి లేని ఇంట్లో అసలే చెప్పకూడదు. ఆ జవాబు విన్నది నీ చెల్లెలొక్కతేనా?"

"ఇంకెవరున్నారు అక్కడ?" అన్నాడు ఎగోన్ కోపంగా. చావు రాయించడానికి డాక్టర్ని తీసుకొస్తానని కోటు వేసుకుని వెళ్లిపోయాడు.

జాండరమ్మ రోజీకి బంగాళదుంపల పులుసు పోస్తూ వంటింట్లో ఉండిపోయింది. ఇర్మా అత్తగారి పక్కన కుర్చీ వేసుకుంది. ఒక్క కొవ్వొత్తి వెలుగుతోంది. గదిలో సబ్బు వాసన, వెనిగర్ వాసన. వాటి కింద ఇటుకల మధ్య ఇంకా ఆరని సున్నం వాసన, నూతిలోంచి వచ్చినట్టు చల్లగా. పైన ఖాళీ వాటాల్లో ఎక్కడో ఒక తలుపు గాలికి కొట్టుకుని ఆగిపోయింది. బయట మంచు కమ్మినట్టుంది. వీధి చప్పుళ్లేవీ రావడం లేదు. ఇర్మా ప్రార్థన మొదలుపెట్టింది. "పరలోకమందున్న మా తండ్రీ..."

టక్.

కళ్లు తెరిచింది. కర్ర మంచం కోడుకి ఆనించి ఉంది. అత్తగారి చేతులు రొమ్ము మీద ముడిచి ఉన్నాయి, జాండరమ్మ జపమాలలా చుట్టిన దారంతో సహా.

టక్. టక్.

ఇటుకల మీద. లోపలి నుంచే. ఎవరూ లేరు... ఇటుకల సందుల్లోంచి మాత్రం సున్నం పొడి రాలుతోంది. దెబ్బ పడిన చోటల్లా రాలుతోంది.

ఇర్మా కుర్చీ వెనక్కి జరుపుకుంది. "అత్తయ్యా..." అంది గొణుగుతూ. "దారి లేదు అత్తయ్యా. నన్ను క్షమించు. తియ్యలేను. పిల్లని తీసుకుపోతారు..."

దెబ్బలు ఆగాయి. విన్నట్టే ఆగాయి.

అప్పుడు బయట్నుంచి ట్రౌడెల్ గొంతు. కాలిబాట మీంచి కాదు. దూరంగా, వాళ్లింటి కిటికీలోంచి.

"ఎవరది? ... అమ్మా?"

ఇర్మా లేచి ఇటుకలకి చెవి ఆనించింది.

"అమ్మా! నువ్వేనా? లేచి నడిచొచ్చావా? అయ్యో దేవుడా, ఎలా వచ్చావే? వదిలారా నిన్ను?" ఏడుస్తోంది. నవ్వుతోంది. "చెప్పుల్లేకుండానా, ఈ చలిలో! ఉండు... అక్కడే ఉండు... తలుపు తీస్తున్నా!"

ఒక్క క్షణం ఇర్మాకి మనసు తేలికైంది. వెళ్లిపోయింది, దేవుడు దారి చూపించాడు, కూతురి దగ్గరికే వెళ్లింది అనుకుంది.

టక్ టక్ టక్ టక్...

ఇటుకలు అదిరిపోతున్నాయి. ఈ గదిలోనే. ఒక చోట కాదు, కిటికీ పొడుగునా. కొవ్వొత్తి మంట పడుకుని లేచింది. బయటికి వెళ్లడానికి కొట్టే దెబ్బలు కావవి. రైలు పట్టాల మీద ఆడుకునే బిడ్డని చూసి ఇంట్లోంచి తల్లి తలుపులు బాదినట్టు...

అత్తయ్య ఇక్కడే ఉంది.

మరి అక్కడున్నది...

ఇర్మా కర్ర అందుకుంది. శక్తికొద్దీ ఇటుకల మీద బాదింది. "తియ్యకు! ట్రౌడెల్, తియ్యకు! అది అమ్మ కాదు! అమ్మ ఇక్కడుంది! ట్రౌడెల్!" ఆమె దెబ్బల పక్కన ఆ దెబ్బలు. రెండూ కలిసిపోయాయి. గొంతు పగిలిపోయింది. ఆ కేక ఆ ఇటుకల్లో ఎంత దూరం పోయిందో. పైకప్పు మీద ఈల మోగింది. మెట్ల మీద బూట్లు పరిగెత్తాయి.

అవతల గడియ తీసిన చప్పుడు. ఎంత స్పష్టంగా వినిపించిందంటే, చెవి పక్కనే తీసినట్టు.

"రా అమ్మా," అంది ట్రౌడెల్ మెల్లగా. "లోపలికి రా."

తలుపు మూసుకుంది.

గదిలో దెబ్బలు అక్కడితో ఆగిపోయాయి. మళ్లీ వినిపించలేదు.

కాపలావాళ్లు లోపలికొచ్చేసరికి ఇర్మా నేల మీద కూర్చుని ఉంది. జాండరమ్మ వాళ్లకి అడ్డం నిలబడింది. "అత్త చచ్చిపోయింది, కోడలు ఏడ్చింది. ఏడవడానికి కూడా చీటీ రాయించుకోవాలా?" అంది. వాళ్లు ఇటుకలు తడిమి చూసుకుని, టోపీలు తీసి శవానికి తలవంచి, వెళ్లిపోయారు. డాక్టరుతో వచ్చిన ఎగోన్‌కి ఇర్మా ఏమీ చెప్పలేదు. చెప్పినా చెయ్యగలిగిందేముంది? నడుమ వీధి. వీధికి అటు ఎవరినీ పంపలేరు. ఉత్తరం చేరడానికి వారం పడుతుంది. తెల్లవార్లూ ప్రార్థన చేస్తూ కూర్చుంది. ఎవరికోసం చెయ్యాలో మాత్రం ఆమెకి తేలలేదు.

పొద్దున లారీ పెరట్లోకి వచ్చింది. శవపేటికని కాళ్ల వైపు ముందుగా, పెరటి మెట్ల మీంచి దించారు. ఎగోన్ పరుపులు మోశాడు. ఇర్మా గిన్నెలు గుడ్డల్లో చుట్టింది. ఆ రోజు ఎవరూ కాఫీ కాచుకోలేదు. పైకప్పు కాపలా దిగిన కుర్ర సిపాయి ఒకడు, మెడలో దుర్భిణీతో, సామాను ఎక్కించడానికి ఒక చెయ్యి వేశాడు. మంచివాడిలా ఉన్నాడు. ఎగోన్ అతని చెవిలో అడిగాడు.

"అటు పక్క పచ్చ తలుపు ఇల్లు... మా చెల్లెలుంటుంది. కనిపించిందా బాబూ?"

కుర్రవాడు అటూ ఇటూ చూశాడు. "కనిపించింది. తెల్లవారకముందే లేచినట్టున్నారు. కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చున్నారు. కాఫీ తాగుతున్నారు."

"ఎవరెవరు?"

"మీ చెల్లెలు, ఇంకో పెద్దావిడ."

ఎగోన్ మొహం విప్పారింది. రాత్రి నుంచీ మొదటిసారి. "పక్కింటావిడ అయుంటుంది. పోన్లే ఇర్మా, పాపం ఒంటరిగా లేదు," అని, రోజీని ఎత్తి లారీలో కూర్చోబెట్టడానికి వెళ్లాడు.

ఇర్మా సిపాయి దగ్గరే నిలబడిపోయింది.

"బాబూ... మా ట్రౌడెల్ మాట్లాడుతోందా? నవ్వుతోందా?"

అతను అటు పక్కకి ఒకసారి చూశాడు. దుర్భిణీని చేత్తో కప్పుకున్నాడు.

"లేదండీ," అన్నాడు. "ఇద్దరూ ఒకేసారి కప్పు ఎత్తుతున్నారు. ఒకేసారి దించుతున్నారు. చాలాసేపట్నుంచీ... ఆ కప్పుల్లో ఏమీ లేదు."