టర్బో బిగించిన కారు

మెకానిక్ తన షెడ్డులోనే వెల్లకిలా పడి ఉన్నాడు. తల కింద రక్తం గడ్డకట్టింది. పక్కనే పనిబల్ల. దాని అంచుకు బిగించిన, సామాన్లు కదలకుండా పట్టే ఇనుప వైస్ మూలకి నాలుగు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. చొక్కా కాలరు చిరిగింది.

టైం పన్నెండూ పది.

ఇన్‌స్పెక్టర్ వంగి చూసింది. ఆమెకి ఏమీ అనిపించలేదు. తన అన్నయ్య పోయి ఇంకా నెల కాలేదు. సెలవు పెట్టమని అందరూ చెప్పారు. ఇంట్లో కూర్చుంటే మాత్రం ఒరిగేదేముందని డ్యూటీకి వచ్చేసింది. అప్పట్నుంచీ లోపలంతా మొద్దుబారిపోయింది, పన్ను పీకే ముందు మత్తిచ్చిన చిగురులా.

"కాలు జారి పడ్డాడంటారా?"

"కాలరు చూడండి. ఎవరో పట్టుకుని తోశారు," అన్నాడు డాక్టర్. "దెబ్బ పదీ పదింబావు మధ్య తగిలుంటుంది. వెంటనే పోలేదు. ఓ అరగంట కొన ఊపిరితో ఉన్నాడు."

ఆమె రాసుకుంది. ముగ్గుర్ని పిలిపించింది.

మొదట వాకిట్లో ఉన్న కారు సొంతదారు. డ్రైవింగ్ నేర్పే మాస్టారు.

"పొద్దున గొడవ పడ్డారట?"

"పడ్డానండీ. పాత బండి, ఎత్తెక్కలేక ఆయాసపడుతోంది. టర్బో పెడితే చిరుతలా దూకుతుందని మెకానిక్ తమ్ముడు ఊదరగొట్టాడు. తీరా అంతా బిగించాక, ఇది రోడ్డెక్కడానికి వీల్లేదంటాడు మెకానిక్. ఒళ్లు మండదూ?"

"ఎప్పుడు వెళ్లిపోయారు?"

"తొమ్మిదీ యాభైకి. పదింటికి క్లాసు. నలుగురు సాక్షులున్నారు."

రెండోవాడు పక్క షెడ్డులో ఇనుము తరిగే లేత్ మిషన్ నడిపేవాడు.

"నీకేమైనా వినపడిందా?"

"మా లేత్ తిరుగుతుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు మేడమ్."

"నీకూ మెకానిక్‌కీ పడదటగా?"

"పక్కపక్క షెడ్లు. గోడ దగ్గర మాటామాటా అనుకోకుండా ఉంటామా? అంతమాత్రాన చంపుకుంటామా?"

"పది నుంచి పన్నెండు దాకా నిన్నెవరు చూశారు?"

"నా లేత్," అన్నాడతను. కానిస్టేబుల్ నవ్వాపుకున్నాడు. ఆమె నవ్వలేదు.

మూడోవాడు పోయినవాడి తమ్ముడు. అతన్ని అందరూ టర్బో అనే పిలుస్తారు.

"అన్నని ఆఖరిసారి ఎప్పుడు చూశావ్?"

"పదింటికి మేడమ్. కారు తీసుకుని టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లా. పదకొండూ నలభై అయిదుకి తిరిగొచ్చా. అప్పటికే..."

"ఎంత దూరం తోలావ్?"

"హైవే మీద అరవై కిలోమీటర్లు."

"మీటర్‌లో ఎక్కిందా?"

"మీటరు చచ్చి ఏళ్లయింది. మాస్టార్నడగండి."

మాస్టారు అవునన్నట్టు తలూపాడు.

"ఇంజిన్ వేడిగానే ఉంది మేడమ్," అన్నాడు కానిస్టేబుల్. "రాగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. చుర్రుమంది."

ఆమె వాకిట్లోకి నడిచింది. కారు నడినెత్తి ఎండలో నిలబడి ఉంది. గేటు ఊచ పట్టుకుంది. అదీ చుర్రుమంది. వెనక్కి వచ్చి బానెట్ ఎత్తింది. చాలాసేపు చూసింది.

ఒంటిగంటా అయిదుకి ముగ్గుర్నీ కారు దగ్గరికి రమ్మంది.

"ఈ టర్బో ఎలా పనిచేస్తుంది?" తమ్ముణ్ణి అడిగింది.

అంత దుఃఖంలోనూ అతని గొంతులోకి హుషారొచ్చింది. "ఇంజిన్ వదిలే పొగతో ఒక చక్రం తిరుగుతుంది మేడమ్. అది బయటి గాలిని ఇంజిన్‌లోకి కుక్కుతుంది. గాలి పెరిగితే ఎక్కువ పెట్రోలు మండుతుంది, బలం పెరుగుతుంది."

"పొగ తగిలేవైపు వేడెక్కుతుందా?"

"వేడేంటి మేడమ్! హైవే మీద గట్టిగా తోలితే నిప్పులా ఎర్రగా..."

ఆగిపోయాడు.

"చూడు," అందామె.

నత్తగుల్లలా చుట్టుకున్న ఇనుప డొప్ప. దాని మీద అంటించిన కాగితం లేబుల్. అంకెలన్నీ చక్కగా కనిపిస్తున్నాయి. కాగితం మల్లెపువ్వులా తెల్లగా ఉంది.

"పొగ వెళ్లేది ఈ డొప్పలోంచే. అరవై కిలోమీటర్లు తోలితే ఈ కాగితం మసైపోవాలి. కనీసం అంచయినా కమల్లేదు. బానెట్‌ని కాల్చింది ఎండ. టర్బో బిగించాక ఈ ఇంజిన్ ఒక్కసారి కూడా స్టార్ట్ కాలేదు. పదింటికి నువ్వు షెడ్డులోనే ఉన్నావ్."

తమ్ముడు మట్టిలో చతికిలబడ్డాడు.

"అన్న తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు మేడమ్. 'సాదా ఇంజిన్‌రా ఇది. ఇంత ఒత్తిడికి పిస్టన్లు పగిలిపోతాయి, హైవే మీద నువ్వు పోతావ్. ముందు పిస్టన్లు మార్చు' అన్నాడు. మాస్టారి ముందు పరువు తీశాడని ఉక్రోషం. కాలరు పట్టుకుని తోశాను. అంతే. కావాలని కాదు."

"తర్వాత?"

"భయమేసింది. రోడ్డు చివరిదాకా నడిచి, కల్వర్టు మీద కూర్చున్నా."

"నువ్వు వెళ్లేటప్పటికి ఊపిరి ఉందా?"

లేత్‌వాడు తల తిప్పుకున్నాడు. మాస్టారు నేలచూపులు చూశాడు.

"...ఉంది."

ఆ ఒక్క మాటా ఆమె రాసుకుంది. అక్షరాలు గుండ్రంగా, కుదురుగా వచ్చాయి. అది చూసి తన మీద తనకే భయమేసింది.

జీపు ఎక్కుతూ తమ్ముడు అడిగాడు. "అమ్మకి మీరే చెప్పండి మేడమ్. నా వల్ల కాదు."

రెండున్నరకి ఆమె మూడో అంతస్తులో ఒక తలుపు కొట్టింది. ముసలామె తీసింది. చేతులకి సబ్బు నురగ. ఖాకీ బట్టల్ని చూసి ఆ చేతులు చీరకి తుడుచుకుంది.

"మా వాడి గురించా అమ్మా?"

"అవునమ్మా."

"పెద్దాడా, చిన్నాడా?"

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు ఇన్‌స్పెక్టర్‌కి ఒక్కటీ గుర్తురాలేదు.

"ఇద్దరూ," అంది.