పదిహేడో నంబరు ఏడుపు

అద్దంకి దాటి దర్శి రోడ్డులో కొంత దూరం పోతే, మిరప చేల నడుమ తెల్లటి విల్లాల కాలనీ ఒకటి కనబడుతుంది. గేటు మీద అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు నవ్వుతున్న బొమ్మ. లోపల పార్కు, జారుడుబల్ల, మూలమూలకీ కెమెరా. పగటిపూట చూస్తే వంక పెట్టడానికేమీ లేదు.

చీకటి పడితే మాత్రం పదిహేడో నంబరు ఇంటి ముందు ఎవరూ నడవరు.

నడిచినవాళ్ళు ఏడుస్తారు.

ఊరికే కళ్ళు చెమ్మగిల్లడం కాదు — గొంతు పట్టేసి, ముక్కు కారి, ఊపిరాడక ఏడుస్తారు. పార్సిలు ఇవ్వడానికి వచ్చిన మనిషి పెట్టె రోడ్డు మీదే పారేసి కళ్ళు తుడుచుకుంటూ పోయాడు. కన్నతల్లి పోయినప్పుడు కూడా చలించని రిటైర్డ్ తహసీల్దారు ఒకాయన వాకింగుకని అటు వెళ్ళి, పసిపిల్లాడిలా ముక్కు చీదుకుంటూ తిరిగొచ్చాడు. పైగా తాళం వేసిన ఆ ఇంట్లోంచి రాత్రిపూట దగ్గు వినిపిస్తుంది... దాని వెనకే ఎవరో ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు.

ఆ స్థలం సుబ్బరావమ్మ అనే ముసలామెదట. చేను అమ్మనని చివరిదాకా మొండికేసిందట. అమ్మాక ఆ దిగులుతోనే దగ్గి దగ్గి పోయిందట. తను ఏడ్చిన ఏడుపు అందరిచేతా ఏడిపిస్తోందట.

ఇవేవీ తెలియకుండానే హెలెన్ ఆ కాలనీలో ఇల్లు చూడటానికి వచ్చింది.

హెలెన్ పుట్టింది పొదిలిలో. పెళ్ళయ్యాక భర్త శ్యామ్ సుందర్ వెంట దేశానికి ఆ చివరున్న లూధియానా వెళ్ళింది. అతనక్కడ స్వెట్టర్ల మిల్లులో మెకానిక్కు. పోయిన చలికాలం, పొగమంచులో, బండి మీద డ్యూటీకి బయలుదేరాడు. ఎదుట లారీ కనబడలేదు. అంతే.

హెలెన్ ఏడవలేదు. ఆసుపత్రిలో సంతకాలు పెట్టింది. శవపేటిక కొలతలు చెప్పింది. సమాధి కార్యక్రమానికి పాటలు ఎంచి పాస్టరు గారికి ఇచ్చింది. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆ కిందే ఎవరో, మెట్ల దగ్గర అడ్డంగా పెట్టిన తెల్ల కారు ఎవరిదో తీయండి అని రాశారు. ఆమె రెండూ చదివింది. రెండూ ఒక్కలాగే అనిపించాయి.

ఏడేళ్ళ కూతురు ఆరాధన మాత్రం అప్పటినుంచి గుసగుసగానే మాట్లాడుతోంది. గొంతులో లోపమేమీ లేదన్నారు డాక్టర్లు. పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు, లేస్తే కొంప మునుగుతుందన్నట్టు ఉండేది ఆ పిల్ల మాట.

అద్దంకిలో ఒక స్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం దొరికింది. సామాను లారీకెక్కించి, తల్లీకూతుళ్ళు పొదిలిలో పెద్దమ్మ ఎలీసమ్మ ఇంట్లో దిగారు. ఇక ఇళ్ళ వేట. పిల్లలున్న చోటు కావాలి. ఆరాధన గట్టిగా అరిచి ఆడుకునే చోటు కావాలి. అంతకుమించి హెలెన్‌కి ఏ కోరికా లేదు.

"ఇంకా ఎన్ని ఇళ్ళు చూస్తావే?" అంది ఎలీసమ్మ. "నలభై ఏళ్ళు ఎడారిలో తిరిగిన ఇశ్రాయేలీయులు కూడా ఇన్నిచోట్ల దిగలేదు."

"ఇళ్ళు కాదు పెద్దమ్మా, ఇరుగుపొరుగుని చూస్తున్నా."

సోమవారం బడి తెరుస్తారు. ఆలోగా ఇల్లు కుదరకపోతే పిల్లని పెద్దమ్మ దగ్గర వదిలేసి, తనొక్కతే స్కూలు హాస్టల్లో ఉండాలి. తండ్రి పోయిన పిల్లకి తల్లి కూడా వారానికోసారి కనబడే మనిషి అవుతుంది.

ఇళ్ళు చూపించే బుడే ఆమెను పదహారో నంబరుకి తీసుకెళ్ళాడు.

"ఫ్యామిలీల కోసమని కట్టిందే మేడమ్. బ్యాచిలర్లు లేరు, కుక్కలు లేవు, గొడవల్లేవు."

"పిల్లలున్నారా?"

"బోలెడుమంది."

"మరి అద్దె ఎందుకింత తక్కువ?"

బుడే తాళాల గుత్తి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మీరు టీచరు గదా మేడమ్, ఆ గౌరవం."

"అద్దె చెప్పినప్పుడు నేను టీచర్నని మీకు తెలియదు బుడే గారూ."

ఎదురింటి గేటు దగ్గర నిలబడి వింటున్న కోటేశ్వరి పకపకా నవ్వింది. ప్రత్తి వ్యాపారి భార్య. కాలనీ ఆడవాళ్ళందరికీ ఆమే పెద్ద. "చెప్పవయ్యా బుడే! బిడ్డ తల్లి దగ్గర దాపరికాలేంది?" అని, అతను నోరు తెరిచేలోగా తనే మొత్తం చెప్పేసింది — దగ్గు, ఏడుపు, సుబ్బరావమ్మ.

"పరీక్ష కూడా చేశామమ్మాయ్" అంది గొంతు తగ్గించి. "పిడికెడు ఎండుమిరపకాయలు ఆ గేటుకి మూడుసార్లు దిగదుడిచి నిప్పుల్లో పోశాం. మాడి మసైపోయినై గానీ... ఘాటు రాలేదు. దిష్టి ఉన్నచోట ఘాటు రాదు. నీకు తెలియంది కాదుగా."

"నిప్పుల్లో వెయ్యకముందు మీరంతా మామూలుగానే ఉన్నారా?"

"మామూలుగా ఎక్కడ? అప్పటికే అందరం ఏడుస్తున్నాం. వేశాక ఒక్క తుమ్ము ఎక్కువ రాలేదంటే చూడు!"

హెలెన్ పదిహేడో నంబరు వైపు ఒకసారి చూసింది. ఇంటిని పగలు చూడాలి, ఇరుగుపొరుగుని చీకటి పడ్డాక చూడాలి — లూధియానాలో నేర్చుకున్నది ఇదొక్కటే. "ఇవాళ రాత్రికి మళ్ళీ వచ్చి చూస్తాను" అంది.

"నన్ను పిలవమాకండి మేడమ్" అన్నాడు బుడే. "రాత్రిళ్ళు నాకు చూపు ఆనదు."

ఆ రాత్రి ఎలీసమ్మ ఇంట్లో ప్రార్థన కూడిక. ఇల్లంతా చాపలు, పాటల పుస్తకాలు. హెలెన్ పిల్లని వెంటబెట్టుకుని బస్సుకి బయలుదేరింది.

"దెయ్యమైతే యేసు నామం ఎత్తు" అంది ఎలీసమ్మ గుమ్మంలోంచి. "దొంగైతే చెప్పు తియ్యి."

కాలనీ చేరేసరికి బాగా చీకటి పడింది. పార్కులో ఒక్క పిల్ల లేదు. కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. అద్దాల వెనక టీవీల వెలుగు మాత్రం నీలంగా కదులుతోంది. ఆ వరసలో వీధి దీపాలు మాడిపోయి చాలా రోజులైంది. మార్చడానికి కరెంటు మనిషి రాడు.

కోటేశ్వరి గేటు కాస్త తెరిచి, పైట ముక్కుకి అడ్డం పెట్టుకుని గుసగుసగా అంది. "వచ్చావా తల్లీ? పొద్దు గూకితే పిల్లల్ని బయటికి పంపం. నీ బిడ్డని కూడా..."

హెలెన్ వింటోంది. ఇక్కడ పిల్లలున్నారు. అందరూ గుసగుసగానే ఉన్నారు. ఇంకో గుసగుసల ఇల్లు తనకెందుకు? రేపు ఫోన్ చేసి వద్దని చెప్పాలి. హాస్టల్లో మంచం ఖాళీ ఉందో లేదో అడగాలి. పొదిలి బస్సు టైములు కనుక్కోవాలి...

ఆలోచిస్తూ పక్కకి చెయ్యి చాపింది.

చేతికి ఏమీ తగల్లేదు.

"ఆరాధనా?"

రోడ్డు ఖాళీగా ఉంది.

కోటేశ్వరి గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఆమె చూపు హెలెన్ మీద లేదు. హెలెన్ వెనక్కి... పదిహేడో నంబరు వైపు ఉంది.

ఆ ఇంటి పక్క సందులో చిన్న చెప్పు ఒకటి పడి ఉంది.

హెలెన్‌కి భయం వేయలేదు. భయం వేయాల్సిన చోట చలికాలం నుంచీ ఖాళీగానే ఉంది. కాళ్ళు మాత్రం వాటంతటవే నడిచాయి.

గేటు దగ్గరికి వెళ్ళగానే గొంతు మండింది. సందు మొదట్లో దగ్గు వచ్చింది. నాలుగడుగులు వేసేసరికి రెండు కళ్ళలోంచీ నీళ్ళు... ఆగకుండా... ఎవరో పంపు తిప్పినట్టు. చేత్తో తుడుచుకుంది. చెయ్యి తడిసింది కానీ కళ్ళు ఆగలేదు.

గోడకి ఆవల, ఇంట్లో... దగ్గు.

ఒక గొంతు కాదు. చాలా గొంతులు. ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు. మూలుగు. వాటి మధ్య, ఉన్నట్టుండి — గట్టిగా, కాలనీ అంతా వినబడేలా — ఒక పిల్ల నవ్వు.

ఆ నవ్వు హెలెన్‌కి తెలుసు. విని చాలా కాలమైంది.

పెరటి తలుపు తోసింది.

నేల మీద ఎర్రటి గుట్ట. దాని చుట్టూ మనుషులు కూర్చుని ఉన్నారు — ముఖాలు లేవు. తలల చుట్టూ తెల్లటి గుడ్డలు, ఆ గుడ్డల్లో ఎర్రబడ్డ కళ్ళు. అన్ని కళ్ళలోంచీ నీళ్ళు కారుతున్నాయి. మధ్యలో అందరికన్నా చిన్న తల ఒకటి. దానికీ ముఖం లేదు.

ఆ చిన్న తల ఇటు తిరిగింది.

"అమ్మా!"

గుసగుస కాదు. కేక.

"తలుపెయ్యి తల్లీ, తలుపెయ్యి!" అంది గుట్ట వెనకనుంచి ఒక లావుపాటి ఆకారం. "గాలొస్తే దుమ్ము లేస్తది, అందరం చస్తాం!"

హెలెన్ తలుపు వేసింది. గోడ పొడవునా, మెట్ల మీద, పై గది దాకా గోనె బస్తాలు పేర్చి ఉన్నాయి. అన్నీ మిరపకాయలు.

ఆ ఆకారం ముఖం మీది గుడ్డ లాగింది. ఆమె పేరు గుల్జార్ బేగం. మిరపకాయలకు తొడిమలు తీసే ఆడకూలీల ముఠా ఆమెది. ఇల్లు బుల్లయ్య అనే రైతుది. ఈ ఏడు ఏసీలన్నీ — కోల్డు స్టోరేజీలను అక్కడ అలాగే అంటారు — నిండిపోయాయి. ధర వచ్చేదాకా పంట దాచుకోవడానికి చోటు లేక, కొడుకు కొనిపెట్టిన విల్లాలోకి రాత్రిళ్ళు ఎత్తించాడు. కాలనీలో సరుకు నిల్వ చేయకూడదని రూలు. అందుకే పగలంతా కిటికీలు బిగించి, చీకటి పడ్డాక కెమెరాలు లేని వెనక చేలోంచి వచ్చి, గుట్ట తిరగేసి పని చేసుకుంటున్నారు.

"బయట చెప్పమాకమ్మా. సరుకు బయటపడేస్తే ఆయనా పోతాడు, మా కూలీ పోద్ది."

"మరి సుబ్బరావమ్మ?"

"ఎవురు, ముసల్దా?" గుల్జార్ బేగం నవ్వబోయి తుమ్మింది. "దానికేం, పొదిలిలో కూతురి కాడ గుండ్రాయిలా ఉంది. మొన్న ఫోన్ చేసి, నేను దెయ్యమయ్యానంటగా, ఎవురెవుర్ని పట్టుకున్నానే అని ఒకటే నవ్వు."

ఆడవాళ్ళంతా నవ్వారు, దగ్గారు, ముక్కులు చీదారు. హెలెన్ నవ్వలేదు. కూతురి ముందు కూలబడి, "ఎందుకొచ్చావు ఇక్కడికి?" అంది.

"ఏడుపు వినబడింది. ఎవరా అని వచ్చా." ఆరాధన గొంతు ఇంకా గట్టిగానే ఉంది. "ఇక్కడ అందరూ ఏడుస్తున్నారమ్మా. నేనూ ఏడ్చా. ఎవరూ ఏమీ అనలేదు. మనింట్లో నువ్వు ఏడవవుగా... నేనేడిస్తే నీకు వినబడుద్దని..."

గుడ్డ కొసతో ముక్కు తుడుచుకుంది.

గుల్జార్ బేగం ఒక గుడ్డ విసిరింది. "ముఖానికి చుట్టుకో తల్లీ. కళ్ళు చూడు, ఎట్టా కారిపోతున్నాయో."

"మిరపకాయలేగా" అంది హెలెన్.

"అవునమ్మా, మిరపకాయలే" అంది గుల్జార్ బేగం. పక్కకి జరిగి చోటిచ్చింది.

హెలెన్ కూర్చుంది. ఒక మిరపకాయ తీసి తొడిమ తుంచింది. తర్వాత ఇంకొకటి. ఎంతసేపు కూర్చుందో ఆమెకి తెలియదు. వెక్కిళ్ళు వస్తే వచ్చాయి. ఎవరూ తల తిప్పి చూడలేదు.

బయటికొచ్చేసరికి కోటేశ్వరి గేటు పట్టుకుని అలాగే నిలబడి ఉంది, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని. "బిడ్డ దొరికిందా? ఏం చూశావమ్మాయ్? ఉందా?"

"లోపలికి పోయాను పిన్నీ" అంది హెలెన్. "ఏడ్చాను."

కోటేశ్వరి దండం పెట్టుకుంది. మర్నాటికి ఆ మాట కాలనీ అంతా పాకిపోయింది.

"అబద్ధం ఆడావటే?" అంది పొదిలిలో ఎలీసమ్మ.

"ఆడలేదు. రెండు ముక్కలూ నిజమే."

ఆదివారం పదహారో నంబరులో సామాను దించారు. బుడే అద్దె ఇంకా కాస్త తగ్గించాడు.

ధర లేచాక బుల్లయ్య సరుకంతా గుంటూరు యార్డుకి తోలుకుపోయాడు. గుల్జార్ బేగం ముఠా ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగి ఇంకో పనికి వెళ్ళిపోయింది. తర్వాత వానలు పడ్డాయి. ఆ గోడల్లో ఘాటన్నది లేదు. కొత్త కరెంటు మనిషి వచ్చి వీధి దీపాలు మార్చాడు. పిల్లలు మెల్లగా పార్కులోకి రావడం మొదలుపెట్టారు. వాళ్ళందరిలోకీ ఆరాధన నోరే పెద్దది.

అయినా ఏడుపు ఆగలేదు.

కావాలంటే కోటేశ్వరిని అడగండి. తన చెవులతో విందామె. రోజూ కాదు. ఏ ఆదివారమో, దీపాలు పెట్టాక, తాళం వేసి ఉండాల్సిన పదిహేడో నంబరులో ఎవరో ఆడమనిషి... ముందు సన్నగా, తర్వాత గుండె పగిలేలా ఏడుస్తుంది. దగ్గు ఉండదు. ఒక్కటే గొంతు. కోటేశ్వరి పూజగది తలుపు వేసుకుని కూర్చుంటుంది.

అందుకే ఆ తర్వాతది ఆమెకెప్పుడూ వినబడలేదు.

బుల్లయ్య పోతూ పోతూ, "పక్కనే ఉంటావు గదమ్మా, కాస్త చూస్తుండు" అని తాళంచెవి పదహారో నంబరులో ఇచ్చి వెళ్ళాడు.

ఆ ఏడుపు కాస్త నెమ్మదించే వేళకి, పదహారో నంబరు పిట్టగోడ మీదనుంచి ఒక పిల్ల కేకేస్తుంది, వీధి చివరిదాకా వినబడేలా —

"అమ్మా... అయిందా? అన్నం చల్లారిపోతోంది!"