తొమ్మిదో ఫొటోలో నీలం దారం

"కనిపించింది చెప్పమన్నాను. మీకు అనిపించింది ఎవరడిగారు?"

మా మనవరాలు ఆ అబ్బాయి మీద విరుచుకుపడ్డ తొలిమాట ఇది. పాపం, వచ్చి పట్టుమని పది నిమిషాలు కాలేదు. వానలో తడిసిన చెప్పులైనా ఆరలేదు.

మా మనవరాలు ఫొటోగ్రాఫరు. కళ్ళజోడు తీస్తే దానికి ఏనుగుకీ ఎలుకకీ తేడా తెలియదు. అందుకే నేను 'మసక' అని పిలుస్తాను. జోడు లేనప్పుడు లోకం తనకెలా కనిపిస్తుందో అలాగే మసగ్గా, నలుపు తెలుపుల్లో పద్దెనిమిది ఫొటోలూ, కిటికీలోంచి ఒక వాన వీడియో తీసి ఎగ్జిబిషన్ పెడుతోంది. చూపులేనివాళ్ళూ రావాలని దాని పట్టుదల. దాని మేనత్త, అంటే మా పెద్దమ్మాయికి, పుట్టుకతోనే చూపు లేదు మరి. అందుకని ప్రతి ఫొటోలో ఏముందో రికార్డు చేసి హెడ్‌ఫోన్స్‌లో వినిపించాలి. ఆ గొంతు కోసం వచ్చినవాడే ఈ అబ్బాయి. ఫ్రేములు కట్టింది మాత్రం నేనే. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళ కళ్ళకు అందాలని, నేనూ కుర్చీలో కూర్చునే మేకులు కొట్టాను.

మొదటి ఫొటో చూసి అబ్బాయి "ఒంటరి మెట్లు" అన్నాడు. గొడవంతా దానికే.

"ఒంటరివని మెట్లు మీతో చెప్పాయా? పదకొండు మెట్లు. అంతే అనండి."

"సరే మేడం. పదకొండు మెట్లు. ఒకదానికొకటి తోడున్నాయి."

నోట్లో పెట్టుకున్న మేకు మింగబోయాను.

నాలుగు రోజులు ఇదే వరస. అది తిట్టడం, వాడు నవ్వడం. ఒక్క తొమ్మిదో ఫొటో దగ్గర మాత్రం ఇద్దరూ మాట్లాడరు. అందులో బస్‌స్టాపు బెంచీ, దానిమీద తెరిచిన గొడుగు. అంతే.

"ఈ గొడుగెవరిది తాతగారూ?" అని అబ్బాయి ఒకసారి నన్నడిగాడు.

అడగడమే ఆలస్యం, చెప్పేశాను. ఆరేళ్ళ కిందటి వాన అది. చేపలు సిగ్నల్ దగ్గర ఆగి మరీ రోడ్డు దాటాయంటే నమ్మండి. మసక కళ్ళజోడు నీళ్ళలో కొట్టుకుపోయింది. స్టాపు రేకులమీద వాన హోరుకి మాటన్నది వినపడదు. ఎవరో కుర్రాడు గొడుగు దాని చేతిలో పెట్టి, బస్సు వెనక పరిగెత్తాడు. దానికి మిగిలిందల్లా ఒక తెల్లచొక్కా, ఎడమవైపుకి కాస్త వాలిన తల.

"అప్పట్నుంచి ఎన్ని సంబంధాలు తెచ్చినా ఒకటే జవాబు బాబూ. 'గొడుగు తిరిగిచ్చేశాక చూద్దాం తాతయ్యా' అంటుంది. వాన లేని సాయంత్రాలన్నీ ఆ స్టాపులోనే. ఎండలో గొడుగు పట్టుకుని!"

"వానొస్తే?"

"వానొస్తే గడప దాటదు. మళ్ళీ జోడు పోతుందని భయం."

అబ్బాయి మంచినీళ్ళడిగి, తాగకుండానే గ్లాసు అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు.

తెల్లారితే ప్రారంభం అనగా, మా పెద్దమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అన్నీ విని చూడడానికి వచ్చింది. అబ్బాయి చివరగా ఒక్కడే కూర్చుని రికార్డు చేసిన తొమ్మిదోది విని ఆగిపోయింది.

"మసకా, ఇలా రావే. ఫొటోలన్నీ నలుపు తెలుపే అన్నావు కదా?"

"అవునత్తా."

"మరి గొడుగు పిడికి నీలం దారం చుట్టి ఉందంటాడేం? నీలం ఎలా ఉంటుందో నాకు తెలీదు గానీ, నలుపు తెలుపుల్లో ఉండదని తెలుసు."

మసక ఫొటో దగ్గరకు పరిగెత్తింది. పిడి నీడలో ఉంది. దారమే కనిపించదు, ఇక రంగెక్కడిది! ఆ దారం చుట్టిన గొడుగు ఇంట్లో, దాని బీరువాలో ఉంది.

ఓ మూల వైర్లు చుడుతున్న అబ్బాయి మొహం పాలిపోయింది.

"పిడి విరిగితే మా అమ్మ చుట్టిందండీ," అన్నాడు మెల్లగా. "తప్పే. కనిపించనిది చెప్పేశాను."

"నాలుగు రోజుల్నుంచి నా ఎదురుగానే ఉండి..."

"మొదటిరోజే గుర్తుపట్టాను. ఆరేళ్ళు మీ స్టాపుకి నేనూ వచ్చాను, వాన పడ్డ రోజుల్లో. వానలోనే ఉంటారనుకున్నాను. కానీ మీరు గుర్తుంచుకున్నవాడు నాకంటే చాలా బాగున్నాడండీ. నేనొచ్చి వాణ్ణి చెడగొట్టడం ఎందుకని..."

వీడియోలో వాన చప్పుడొక్కటే.

"నాన్నా, ఏం జరుగుతోంది?" అంది మా పెద్దమ్మాయి. "కోతలు కోయకు. కనిపించింది చెప్పు."

చెప్పాను. "అబ్బాయి నిలబడ్డాడు. తల ఎడమవైపుకి వాలింది. పిల్ల మూడడుగులు వెనక్కి వేసింది. కళ్ళజోడు తీసింది. చూస్తోంది."

"మీరే," అంది మసక.

"ఇప్పుడు నాలుగడుగులు ముందుకొచ్చిందమ్మా."

"ఊఁ, తర్వాత?"

"నేను గోడవైపు తిరిగాను. ఇక కనిపించడంలేదు."

"పోనీ, అనిపించింది చెప్పు."

"ఆ గొడుగు ఇక తిరిగివ్వక్కర్లేదనిపిస్తోంది," అన్నాను.