రోడ్డువాళ్ళ ఇంటి మలుపు

అజ్రూ ఊరి నుంచి మిదెల్త్ పట్నం వెళ్ళే కొండదారిలో, కనుమ ఎక్కాక, ఎడమచేతి వైపు ఒక రాతి ఇల్లుంటుంది. ఒకప్పుడు రోడ్డు బాగుచేసేవాళ్ళు అందులో కాపురముండేవాళ్ళు. వాళ్ళు వదిలేసి పోయి చాలా కాలమైంది. పైకప్పు సగం కూలింది. ఎండాకాలంలో గొర్రెలు దాని నీడన పడుకుంటాయి, ఎవరూ పట్టించుకోరు.

మంచు పడడం మొదలైతే మాత్రం... ఆ ఇంటి పేరు నా కొట్టులో ఎవరూ ఎత్తరు.

నా కొట్టు కనుమ కింద, గేటు పక్కనే. మంచు ఎక్కువైతే గేటు వేసేస్తారు. బళ్ళు ఆగిపోతాయి. డ్రైవర్లందరూ నా పొయ్యి చుట్టూ చేరి హరీరా చారు తాగుతూ, ప్రభుత్వాన్నీ, వాతావరణాన్నీ, ఒకళ్ళనొకళ్ళనీ తిట్టుకుంటారు. ఆ మలుపు సంగతి వచ్చిందంటే చాలు, గొంతులు తగ్గిపోతాయి.

ఎందుకంటే అక్కడ మనుషులు పోయారు. గుద్దుకుని కాదు, లోయలో పడి కాదు. మంచు కరిగాక చూస్తే బండి రోడ్డు పక్కన నిలబడి ఉంటుంది. తలుపులు లోపలినుంచి వేసి ఉంటాయి. లోపల మనుషులు... నిద్రపోతున్నట్టు. ఒంటిమీద గీత కూడా ఉండదు. చెక్కిళ్ళు ఎర్రగా, ఇప్పుడే కొలిమి దగ్గర నుంచి లేచి వచ్చినట్టు.

జిన్ను భూతం ఊపిరి పీల్చేసిందన్నారు.

దాన్ని చూసినవాళ్ళూ ఉన్నారు. నడిరోడ్డు మీద నిలబడుతుందట. తలమీదికి లాక్కున్న టోపీ, మొహం కనిపించదు. రెండు చేతులూ పైకెత్తి... అలా... కదలకుండా.

"ఆపకు. చూడకు. తొక్కేసెయ్." కొత్తగా బండి పట్టినవాడికి పెద్దవాళ్ళు చెప్పే మాట ఇదే.

మీమూన్ కూడా ఆ మాట విన్నవాడే. ఇది అతను నాకు చెప్పిన సంగతి.

మీమూన్‌ది పాత మెర్సిడెస్ టాక్సీ. మనిషి మంచివాడే గానీ ముక్కు మీద కోపం. ఆ రోజు పొద్దున అతని భార్య ఫాద్మా మిదెల్త్ ఆసుపత్రిలో ఉంది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మొదటి కాన్పు. నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. "బిడ్డ అడ్డం తిరిగింది, కోత పెట్టాలేమో" అని ఫోనొచ్చింది. ఆ తరవాత ఫోను పలకడం మానేసింది.

ఇటువైపు అజ్రూలో మీమూన్. పక్కన అతని అత్త తూదా. మేనత్తే పిల్లనిచ్చి అత్తయింది కాబట్టి, చిన్నప్పటినుంచీ అతన్ని తిట్టే హక్కు ఆవిడకుంది. ఆవిడ దాన్ని ఒక్క రోజు కూడా వృథా చేయలేదు.

"పొద్దున్నే బయల్దేరమన్నానా లేదా?"

"పొద్దున బ్యాటరీ చచ్చింది కదత్తా!"

"బ్యాటరీ కాదు చచ్చింది, నీ బుర్ర. నిన్న రాత్రి దాని మీద గోనెపట్టా కప్పమన్నాను."

ఆ రోజంతా అలాగే గడిచింది. బ్యాటరీ దొరికేసరికి మధ్యాహ్నం దాటింది. మంచులో జారకుండా చక్రాలకు వేసే గొలుసులు బావమరిది ఇదీర్ తీసుకెళ్ళి తిరిగివ్వలేదు. ఇంకెవరివో అరువు తెస్తే అందులో ఒకదానికి కొక్కెం లేదు, తీగతో కట్టాడు. నా కొట్టు దగ్గరికి వచ్చేసరికి గేటు వేసి ఉంది.

"దారి లేదు," అన్నాడు గేటు మనిషి.

"నా పెళ్ళాం కాన్పులో ఉంది!"

"ఉంటే? మంచుకు చెప్పు."

చీకటి పడుతుండగా మంచు తోసే బండి పైకి వెళ్ళడానికి వచ్చింది. గేటు లేచింది. అది దాటీదాటగానే మీమూన్ దాని తోకపట్టుకుని దూరిపోయాడు. గేటు మనిషి వెనకనుంచి అరిచిన బూతులు నేను స్వయంగా విన్నాను.

కాసేపు బాగానే నడిచింది. తరవాత తీగ తెగింది. గొలుసు చక్రాల గూటిలో టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. మీమూన్ దిగి, చేతులు మొద్దుబారిపోతుంటే దాన్ని ఊడదీసి మంచులోకి విసిరికొట్టాడు. ఆ లోపల ముందు బండి వెలుతురు కనుమరుగైపోయింది. అది తోసిన మంచును గాలి మళ్ళీ రోడ్డు మీదికి తెచ్చి పోసింది.

వైపర్ ఒకటి పనిచేయడం లేదు. అదీ డ్రైవరు వైపుదే. మీమూన్ మెడ సాచి, అత్త వైపు అద్దంలోంచి చూస్తూ నడుపుతున్నాడు.

"నా ఒళ్ళో కూర్చుంటావేమిటి?"

"దారి అటువైపే కనిపిస్తోంది!"

"బాగుపడ్డట్టే. రెండో వైపర్ బాగుచేయించమని మా ఫాద్మా ఎన్నిసార్లు—"

ఆవిడ మాట పూర్తి కాలేదు.

లైట్ల వెలుగులో, తెల్లటి గాలి మధ్య... నడిరోడ్డు మీద... ఒక మనిషి.

తలమీద టోపీ. మొహం లేదు. రెండు చేతులూ పైకి.

"ఆపకు!" తూదా గుసగుసగా అంది. అత్త గొంతు అంత చిన్నది కాగలదని మీమూన్‌కు అప్పుడే తెలిసింది. "ఆపకు నాయనా... తొక్కు..."

తొక్కాడు. స్టీరింగు పక్కకు కోశాడు. ఆ ఆకారం కిటికీ పక్కనుంచి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా, వెనక్కి పోయింది. అంతే, బండి చేతిలోంచి జారిపోయింది. వెనక చక్రాలు ముందుకొచ్చాయి. మలుపు దాటి, గిర్రున తిరిగి, వెనకడుగు వేసినట్టు పోయి పోయి... మెత్తగా, చప్పుడు లేకుండా, మంచు గట్టులోకి తోక దూర్చి నిలబడింది.

ఇంజన్ ఆగింది. మళ్ళీ తిప్పాడు. పలికింది. గేరేసి తొక్కితే ముందు గోల, వెనక చక్రాల గిరగిర, బండి మాత్రం జానెడు కదల్లేదు.

"పార ఏదీ?"

"డిక్కీలో."

డిక్కీ మంచు లోపల ఉంది. మీమూన్ దిగి, కాళ్ళ కింది పట్టాలు తీసి చక్రాల కింద పెట్టాడు. తొక్కితే అవి ఎగిరి చీకట్లోకి పోయాయి. చేతులతో తవ్వాడు. తవ్విన గుంటను గాలి నింపింది. బండి తలుపును కాలితో తన్నాడు. కాలు నొప్పి పుట్టింది. అక్కడ నా పెళ్ళాం... ఇక్కడ నేను, ఈ డొక్కు... అని ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు చూశాడు. మలుపు దగ్గర... అది వస్తోంది.

మోకాటిలోతు మంచులో, ఊగుతూ, మెల్లగా... చేతులు ఇంకా ఎత్తే ఉన్నాయి.

లోపలికి దూకి తలుపులు బిగించాడు. "ఇంజన్ ఆపకు," అంది తూదా. "చలికి చస్తాం. దాని వంక చూడకు. అది పిలిస్తే పలక్కు."

పెదవులు కదుపుతూ ప్రార్థన మొదలుపెట్టింది. హీటర్ బుసబుసమంటోంది. కిటికీ అద్దాలు లోపలినుంచి మసకబారాయి.

టక్... టక్... టక్.

అద్దానికి ఆవల ఒక నీడ. మొహం ఉండాల్సినచోట గడ్డకట్టిన తెలుపు. దాని లోపలినుంచి ఏదో మూలుగు. "ఊ... పూ... ఊ... పూ..."

మీమూన్ కళ్ళు మూసుకున్నాడు.

నీడ వెనక్కి పోయింది. బండి తోక దగ్గర చప్పుడు... బర్... బర్... గోళ్ళతో గీరుతున్నట్టు. ఆగి, మళ్ళీ బర్... బర్...

"వెనకనుంచి వస్తోందత్తా..."

"ఊఁ."

ఎంతసేపు అలా ఉన్నారో అతనికి తెలియదు. తల బరువెక్కింది. కణతలు కొట్టుకున్నాయి. ఆ తరవాత అదీ పోయింది. ఒళ్ళు వెచ్చగా, హాయిగా... ఆ రోజు పొద్దుటినుంచి మొదటిసారిగా అతనికి ఎవరి మీదా కోపం రావడం లేదు. బ్యాటరీ గుర్తొచ్చింది, నవ్వొచ్చింది. గొలుసులివ్వని ఇదీర్ గుర్తొచ్చాడు, పోనీలే పాపం అనిపించింది.

అప్పుడు తట్టిందొకటి.

అత్త మాట్లాడటం లేదు.

"అత్తా..."

తల భుజం మీదికి వాలి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. చెక్కిళ్ళు... ఎర్రగా.

అరవబోయాడు. నాలుక లేవలేదు. తలుపు పిడి మీద చెయ్యి వేయబోయాడు. చెయ్యి ఎవరిదో అన్నట్టు ఒళ్ళోనే పడి ఉంది. జిన్ను ఇలా పీలుస్తుందన్నమాట, నొప్పి కూడా లేకుండా... అనుకున్నాడట.

ఫెళ్ళుమంది.

అద్దం పగిలి ఒళ్ళో పడింది. దాని వెనకే చలిగాలి కొరడాలా తగిలింది. ఒక చెయ్యి లోపలికొచ్చింది, నల్లగా, వేళ్ళు చిట్లి నెత్తురోడుతూ. అది అతని గొంతు పట్టుకోలేదు. స్టీరింగు కిందికి పోయి, తాళం తిప్పి, ఇంజన్ ఆపింది.

తరవాత చొక్కా పట్టుకుని అతన్ని బయటికి ఈడ్చి మంచులో పడేసింది. తూదాను కూడా.

మీమూన్ బోర్లా పడి వాంతి చేసుకున్నాడు. తలెత్తేసరికి ఆ జిన్ను మొహం మీద గడ్డకట్టిన ఉన్ని గుడ్డను రెండు చేతులతో పీకుతోంది. కిందినుంచి నెరిసిన గడ్డం, ముక్కు, నీళ్ళు కారే కళ్ళు బయటపడ్డాయి.

"ఆపు, ఆపు అని అరుస్తుంటే వినపడదా నీకు, గాడిదా!"

మీమూన్ నోరు తెరుచుకుని చూశాడు.

"సైలెన్సర్ గొట్టం మంచులో దూర్చి, ఇంజన్ ఆన్ చేసి, అద్దాలు మూసుకుని కూర్చుంటావా? ఆ పొగంతా ఎటు పోతుందనుకున్నావ్? నీ కడుపులోకే! వట్టిచేతులతో తవ్వాను, తవ్వినకొద్దీ పడుతోంది. అద్దం పగలగొట్టడానికి రాయి వెతికితే ఎంతకీ దొరకదు, అంతా మంచే! ముందేమో రోడ్డు మీద చెయ్యెత్తితే నా మీదికే ఎక్కించబోయావు. మలుపు అవతల కొండచరియ జారి రోడ్డంతా కప్పేసింది. ఆపమని కాకపోతే నీకు సలాం కొట్టడానికి నిలబడ్డానా?"

అతని పేరు హమ్మూ. కనుమ కింద గొర్రెలు కాస్తాడు. ఊళ్ళలోకి పెద్దగా రాడు. అక్కడ నిద్రలో పోయినవాళ్ళలో అతని అన్నా వదినా ఉన్నారు. వాళ్ళ బండిని మొదట చూసింది హమ్మూయే. తోక మంచులో ఉంది, తాళం తిప్పే ఉంది, చమురు అయిపోయింది. జిన్ను కాదు, పొగ అని అతను చెబితే ఎవరూ వినలేదు. అప్పటినుంచీ మంచు పడితే చాలు, ఆ కూలిన ఇంట్లో నెగడు వేసుకుని కాపు కాస్తాడు. బండి లైట్లు కనిపిస్తే రోడ్డు మీదికొచ్చి చెయ్యెత్తుతాడు.

"ఒక్కడు ఆపడు!" అన్నాడు హమ్మూ. "ఒక్కడంటే ఒక్కడు! నన్ను చూడగానే ఇంకా గట్టిగా తొక్కుతారు. తొక్కి, ముందుకు పోయి, ఇరుక్కుంటారు. ఇరుక్కున్నాక నేను దగ్గరికి పోతే తలుపులు బిగించుకుంటారు. ఏం చెయ్యమంటావు నన్ను? చెప్పు!"

మీమూన్ మోకాళ్ళ మీద అత్త వైపు పాకాడు.

మంచులో పడి ఉన్న తూదా అప్పుడు దగ్గింది. కళ్ళు తెరిచింది. ముందు హమ్మూని చూసింది, తరవాత అల్లుణ్ణి.

"ఆపమన్నాడు కదరా మనిషి," అంది నీరసంగా. "ఆపి చావొచ్చు కదా!"

మీమూన్ వెక్కివెక్కి ఏడ్చాడట. ఆ గొంతు అంత తీయగా అంతకు ముందెప్పుడూ వినపడలేదన్నాడు.

ఆ పూట ముగ్గురూ హమ్మూ నెగడు దగ్గర చలికాచుకున్నారు. పొద్దున దారి తీశాక మిదెల్త్ చేరారు. ఫాద్మాకు కోత పెట్టి ఆడపిల్లను తీశారు. తల్లీ బిడ్డా బాగానే ఉన్నారు. "రావడానికి ఇప్పటికి తీరిందా?" అని ఫాద్మా గోడవైపు తిరిగి పడుకుంది. మీమూన్ చెప్పిందంతా విన్నాక మళ్ళీ ఇటు తిరిగి, అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదట.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది.

మీమూన్ నా కొట్టుకొచ్చి అందరికీ చెప్పాడు. జిన్ను లేదు గిన్ను లేదు, గొట్టం మూసుకుంటే ఇంజన్ ఆపండిరా, ఆ మనిషి చెయ్యెత్తితే ఆగండిరా అని. డ్రైవర్లు తలలూపారు. అతను అటు తిరగగానే ఒకడన్నాడు, "పాపం, పట్టేసింది. మనిషి రూపంలో కనిపించి మాయ చేసింది." మీమూన్ విన్నాడు. బల్ల గుద్దాడు. గ్లాసులు ఎగిరిపడ్డాయి. "చూశారా, ఇదివరకు ఇలా ఉండేవాడా?" అన్నారు వాళ్ళు.

అదే చలికాలం ఇంకోసారి పెద్ద మంచు పడింది. ఈసారి గేటు వేసేలోపలే కొన్ని బళ్ళు పైకి వెళ్ళిపోయాయి. హమ్మూ జ్వరంతో మూలుగుతున్నాడని తెలిసి, మీమూన్ లాంతరు తీసుకుని తనే ఆ మలుపు దగ్గరికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే ఇదీర్ నా కొట్టులోకి ఊగుతూ వచ్చాడు. బండి ముందు బంపరు ఊడి చేతిలో ఉంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. టీ ఇచ్చాను. సగం ఒలికింది.

"చూశాను... దాన్ని నా కళ్ళతో చూశాను. ఈసారి చేతిలో దీపం కూడా ఉంది!"

"ఆపలేదా?"

"ఆపుతానా! గట్టిగా తొక్కాను. గట్టుకు రాసుకుని బయటపడ్డాను." ముందుకు వంగి, గుసగుసగా అన్నాడు. "కానీ అది నన్ను పేరు పెట్టి పిలిచింది. 'ఇదీరూ, ఆపరా, గొలుసుల దొంగా' అంది... మా బావ గొంతుతో. అచ్చం మా బావ గొంతే! అతన్ని అది మింగేసిందయ్యా..."

పొయ్యి వెనక్కి చూశాను.

అక్కడ తెల్ల కంబళి ముసుగేసుకుని, రాత్రంతా అరిచి అరిచి గొంతు పోయిన మీమూన్, పుదీనా టీ గ్లాసు కింద పెట్టి, మెల్లగా లేచి నిలబడుతున్నాడు.